బంతి ముట్టుకునే ముందు కరెంటు బిల్లు చూపించాలి

బడికి పోకుండా ఇంట్లోనే చదువుకునే పిల్లవాడు ప్రభుత్వ బడి జట్టులో చేరి ఆడితే ఎంత అనర్థమో అమెరికాలో మామూలు జనానికి తట్టదు. అందుకే అక్కడ ప్రతి రాష్ట్రానికీ, ఎవరు ఆడొచ్చో తేల్చే హైస్కూలు క్రీడాసంఘం ఉంది. న్యూయార్క్‌లో విద్యాశాఖ నిబంధనే ఈ గొడవ తేల్చేసింది: బడి రిజిస్టర్‌లో పేరు లేనివాడు మరో బడి మీద పోటీకి దిగకూడదు. స్థానిక స్కూలు బోర్డు దయతలిస్తే క్లబ్బుల్లోనో, బడి పిల్లలు తమలో తాము ఆడుకునే ఆటల్లోనో చేరవచ్చు. అంటే ఎవరు గెలిచారో పక్క ఊరికి తెలియని ఆటలన్నమాట. ప్రమాదమంతా స్కోరుబోర్డు దగ్గరే ఉందని కనిపెట్టిన మేధావులకు దండం పెట్టాలి.

ఆ ప్రమాదం ఫ్లోరిడా మీద నిజంగానే పడింది. ఇంటి చదువు పిల్లల్ని బడి ఆటల్లోకి రానిచ్చే చట్టం అక్కడ 1996లో వచ్చింది. తల్లి దగ్గరే చదువుకున్న టిమ్ టీబో అనే కుర్రవాడికి పక్క కౌంటీలోని నీస్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నచ్చింది. తల్లీకొడుకులు వెళ్ళి ఆ కౌంటీలో అపార్ట్‌మెంటు తీసుకున్నారు. 2005లో నీస్ రాష్ట్ర విజేత. 2007లో టీబోకు కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరూ కలలుగనే హైస్‌మన్ ట్రోఫీ. అప్పటినుంచి ఏ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు వచ్చినా జనం దాన్ని ‘టీబో బిల్లు’ అనే అంటున్నారు. వర్జీనియాలో గవర్నర్ మెకాలిఫ్ దాన్ని 2015, 2016, 2017లో వరసగా మూడుసార్లు వీటో చేశారు. బడి పిల్లలు సవాలక్ష షరతులు దాటి ఆడుతుంటే వీళ్ళకు దొడ్డిదారా అని ఆయన బాధ. ఆ షరతుల్లో ఒకటి బడిలో ఐదు సబ్జెక్టులు తీసుకోవడం. ఇంట్లో ఎనిమిది చదివినా అవి ఆ ఐదు కిందికి రావు.

నిజం చెప్పుకోవాలంటే సంఘాల భయం పూర్తిగా వట్టిది కాదు. లెక్కల్లో తప్పిన స్టార్ ఆటగాణ్ణి తండ్రి బడి మాన్పించి, ‘ఇకనుంచి ఇంట్లో చదువుతాడు, అమ్మ పాస్ చేసింది’ అని సోమవారం మళ్ళీ మైదానంలో దింపొచ్చు. కానీ దీనికి మందు ఒక్క వాక్యం. మార్కులు తప్పి బడి మానినవాడు ఇంట్లో ఒక గ్రేడింగ్ పీరియడ్ (మార్కులిచ్చే ఒక విడత) పూర్తిచేసేదాకా ఆడకూడదని ఫ్లోరిడా రాసుకుంది. ఏడాది మధ్యలో బడి వదిలినవాడికి ఆ ఏడాది ఆటల్లేవని టెక్సస్ రాసుకుంది. ఇంత చవగ్గా తీరిపోయే సమస్యకు ఏకంగా తలుపే మూసేయడం గొప్ప దూరదృష్టి.

టెక్సస్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫ్రిస్కోలో, ప్లానోలో ఇళ్ళు కొని ఏటా ప్రాపర్టీ టాక్స్ కట్టే మనవాళ్ళకు ఇది సొంత గొడవే. అందులో పెద్ద వాటా బడులకే పోతుంది. 2021 చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ, సరేనంటేనే ఇంటి చదువు పిల్లలకు ప్రవేశం. చాలా బోర్డులు ఏమీ అనలేదు, కాబట్టి లేదు. 2025లో దాన్ని తిరగేశారు: వద్దని తీర్మానం చేస్తే తప్ప ఉన్నట్టే. మౌనంలో ఆరితేరిన బోర్డులకు ఇది అన్యాయం. ఇప్పుడు వద్దనడానికి కూడా నోరు తెరవాలి.

తలుపు తెరిచాక పిల్లవాడు అయోవా టెస్టు లాంటి జాతీయ పరీక్షలో సగటు శ్రేణికి తగ్గని స్కోరు చూపాలి. ఆ తర్వాత అన్ని సబ్జెక్టుల్లోనూ పాసవుతున్నాడని, పాఠం చెప్పేవాళ్ళే అప్పుడప్పుడూ రాసివ్వాలి. అంటే సాధారణంగా అమ్మ. ఆమె పన్నెండేళ్ళు చదువు చెప్పడానికి లేని అభ్యంతరం, ఒక్క కాగితం మీద సంతకం పెట్టేసరికి పుట్టుకొస్తుంది. కన్నకొడుకు చేత పాత్రలు తోమించి మరీ ఫెయిల్ చేయగల తెలుగు అమ్మల్ని ఈ పెద్దలు చూసి ఉండరు.

ఇక దరఖాస్తు. కోచ్‌ను కలవకండి. ఆయన వెంటనే ‘సరే’ అంటాడు, ఆ ‘సరే’కి విలువుండదు. కలవాల్సింది బడి ఆటల వ్యవహారాలు చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌ను, అదీ వేసవి సెలవులకు ముందే. ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఆగస్టు మొదట్లో మొదలవుతుంది, జూలైలో ఆఫీసులో పలికేవాళ్ళు దొరకడం కష్టం. జనన ధ్రువపత్రం, డాక్టర్ సంతకంతో ఆరోగ్య పరీక్ష ఫారం, తలకు దెబ్బ తగిలితే ఏంచేయాలో చదివామని సంతకం చేసిన కాగితం, పరీక్ష స్కోరు, చిరునామాకు రుజువు. ఎక్కువగా బెడిసికొట్టేది ఈ చివరిదే. మామూలుగా పిల్లవాడు తాను నిద్రపోయే ఇల్లు ఏ బడి పరిధిలో ఉంటే ఆ బడికే ఆడాలి. కొత్తింటికి మారి నెలైనా కరెంటు బిల్లు పాత ఇంటిదే చూపిస్తే, పక్క బడి కోచ్ ఫిర్యాదుకు అంతకంటే ఏం కావాలి? ఆలోగా గెలిచిన ఆటలన్నీ ఓటములైపోవచ్చు.

ఆటలకే ఇన్ని తిప్పలైతే, బాకా ఊదేవాడి కథ వేరు. పెన్సిల్వేనియా 2006 జనవరి 1 నుంచి ఇంటి పిల్లల్ని జట్లలోకి రానిచ్చింది. కానీ బ్యాండు, ఆర్కెస్ట్రా లాంటివి చాలాచోట్ల పీరియడ్‌లో చెప్పే పాఠాలు. పాఠం అంటే చదువు, చదువు అంటే బడి, బడిలో నువ్వు లేవు! ఈ చిక్కుముడి విప్పడానికి 2022లో మరో చట్టం కావలసివచ్చింది. పదహారేళ్ళలో వాయిద్యం తుప్పు పట్టకపోతే అదృష్టం.

తర్కంలో మాత్రం కాలిఫోర్నియాను కొట్టేవాళ్ళు లేరు. అక్కడ పిల్లవాడు వంటింటి బల్ల దగ్గర అమ్మ ఎంచుకున్న పుస్తకాలు చదివితే బడి జట్టుకు అనర్హుడు. అదే బల్ల దగ్గర, అదే అమ్మ పక్కన కూర్చుని, డిస్ట్రిక్ట్ నడిపే ఇండిపెండెంట్ స్టడీ కార్యక్రమంలో పేరు రాయించుకుని చదివితే అర్హుడయ్యే దారి ఉంది. కాబట్టి కాలిఫోర్నియా తల్లిదండ్రులు ముందు ఆ ఫారం తెచ్చుకోండి, బూట్లు తర్వాత కొనొచ్చు.