పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకం

నవంబరు ఆఖరి వారంలో మా మేడ మీద అద్దెకుంటున్న ఆయన ఒక కాగితం పట్టుకుని కిందికి దిగివచ్చాడు. లేబర్ కోర్టులో వేయడానికి రాయించుకున్న దరఖాస్తు. పైన ‘పారిశ్రామిక వివాదాల చట్టం, 1947, సెక్షన్ 2ఎ(2) కింద’ అని టైపు చేసి ఉంది. ఆ 1947 పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం.

అది ఏ కౌంటరులో పడిందో చెప్పను. పెట్టిన చేతి మీద నాకు గౌరవమే ఉంది. దరఖాస్తు తిప్పి పంపాలంటే కారణం రాయాలి, కింద సంతకం చేయాలి. తీసుకోవాలంటే నంబరు వేయాలి, ముద్ర కొట్టాలి. పెన్సిలుకు ఈ బాధలేవీ లేవు. రాసినట్టూ ఉంటుంది, రాయనట్టూ ఉంటుంది. దేశంలో కార్మిక న్యాయం ఆ వారం ఏ స్థితిలో ఉందో అంత క్లుప్తంగా చెప్పిన రాజ్యాంగ పండితుడు నాకు కనిపించలేదు.

“రేపు రమ్మన్నారా?” అని అడిగాను.

“లేదండీ. తెలిశాక రమ్మన్నారు.”

“ఏం తెలిశాక?”

“అదే తెలియాలట.”

ఆటోనగర్‌లో ఒక కంపెనీలో ఆయన పంతొమ్మిదేళ్లు లేత్ మెషిన్ నడిపాడు. ఆగస్టులో ఒక రోజు గేటు దగ్గర ఆపి, పని లేదు పొమ్మన్నారు. రాజీ అధికారి ముందుకు వెళ్లాడు. యాజమాన్యం తరఫు మనిషి ఒకసారి వచ్చి, వాయిదా అడిగి, మళ్లీ కనిపించలేదు. చట్టప్రకారం నలభై అయిదు రోజులు గడిస్తే కార్మికుడు నేరుగా కోర్టు గుమ్మం ఎక్కవచ్చు. ఎక్కాడు. ఈలోగా గుమ్మం చచ్చిపోయింది.

కీర్తిశేషులైన ఆ చట్టం గురించి నాలుగు మాటలు. జననం 1947 ఏప్రిల్ 1 (తారీఖు చూసి నవ్వకండి). మరణం 2025 నవంబరు 21. వయసు డెబ్బై ఎనిమిది. అదే రోజు, అదే పాడె మీద 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కూడా వెళ్లిపోయాయి. ఆ పెద్దాయన ఇంకొన్ని నెలలు ఓపిక పట్టి ఉంటే నిండు నూరేళ్లు. పోయిన చట్టంలో మనవాళ్లు చేసిన మంచి పని కూడా ఒకటి ఉంది. ఉద్యోగం పోయిన మనిషి సర్కారు సిఫారసు కోసం కాచుకోకుండా తానే కోర్టుకు పోవచ్చునని ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరించుకుంది. ఆ ఆలోచన ఢిల్లీకి 2010లో తట్టింది.

వారసుడి పేరు పారిశ్రామిక సంబంధాల కోడ్. దాని ప్రకారం లేబర్ కోర్టులు ఉండవు, పారిశ్రామిక ట్రిబ్యునళ్లు వస్తాయి. ఒక్కో ట్రిబ్యునల్‌లో ఇద్దరు: న్యాయ సభ్యుడు ఒకరు, పరిపాలన సభ్యుడు ఒకరు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసిన కేసయితే ఇద్దరూ కలిసి వినాలి. పాత కేసులన్నీ ఈ ట్రిబ్యునల్‌కు బదిలీ. ఇష్టమైతే అది ఆగిన చోటు నుంచి వినవచ్చు, లేదా మళ్లీ ‘అ ఆ’ల నుంచి మొదలుపెట్టవచ్చు. అన్నీ శుభ్రంగా రాశారు. నవంబరు 21 నాటికి ట్రిబ్యునల్ ఒక్కటే లేదు.

నా కళ్లకు ఒక దృశ్యం కడుతూ ఉంటుంది. ఒక అటెండరు పదిహేనేళ్ల నాటి ఫైళ్లు మూటగట్టి నెత్తిన పెట్టుకుని బదిలీకి బయలుదేరాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో అతన్ని అడిగాడు: “ట్రిబ్యునల్‌కు వస్తావా బాబూ?” ఎక్కడుందని అతను. అది నువ్వే చెప్పాలని ఇతను. మద్దిలపాలెం దాటాక ఏదో కడుతున్నారంటే అక్కడికి పోయారు. అది అపార్ట్‌మెంటు. పైనుంచి చూస్తే కనబడుతుందేమోనని కైలాసగిరి ఎక్కారు. సముద్రం కనబడింది, ఓడలు కనబడ్డాయి. చివరకు సింహాచలం మెట్ల మీద మూట దించి అటెండరు దండం పెట్టుకున్నాడు. అప్పన్న స్వామి ఏడాదికి ఒక్క రోజయినా నిజరూపం చూపిస్తాడు. ఈ ట్రిబ్యునల్‌కు ఆ ఒక్క రోజూ రాలేదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

మీటరు అంటే గుర్తొచ్చింది. పాత చట్టంలో ఇలాంటి ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉండేది. కొత్త కోడ్ రెండేళ్లకు కుదించింది. ఇల్లు కట్టకముందే గోడ గడియారం కొన్నారన్నమాట.

ఇక నా వల్ల కాదు. ఈ కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది 2020 సెప్టెంబరు 28న. అయిదేళ్ల పైన వ్యవధి ఉంది. అయిదేళ్లలో రెండు కుర్చీలు వేయలేకపోయారా? మూడు వందల మంది లోపు ఉన్న ఫ్యాక్టరీ సర్కారు అనుమతి అడగకుండా జనాన్ని ఇంటికి పంపవచ్చునన్న ఏర్పాటు ఉందే, దేశమంతటికీ వంద నుంచి మూడు వందలకు జరిపిన ఆ గీత, దానికి ఏ ఇబ్బందీ రాలేదు. నవంబరు 21న పొద్దు పొడవగానే అమల్లోకి వచ్చింది. దానికి కుర్చీ అక్కర్లేదు, గుమాస్తా అక్కర్లేదు, పెన్సిలు అసలే అక్కర్లేదు. తీసేసే చెయ్యి మొదటి రోజే పనిచేసింది. వినే చెవిని తయారు చేయడం మరిచిపోయారట! మరిచిపోవడానికి అదేమన్నా గొడుగా? పంతొమ్మిదేళ్లు ఇనుప రజను పీల్చిన మనిషి, పిల్ల కాలేజీ ఫీజు కట్టలేక నగలు కుదువ పెట్టిన మనిషి, మీ జ్ఞాపకశక్తి తిరిగి వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవాలా?

డిసెంబరు 8న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని పేరు ‘ఇబ్బందుల తొలగింపు’. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేదాకా పాత లేబర్ కోర్టులే పాత కేసులూ కొత్త కేసులూ వింటాయని సారాంశం. పదిహేడు రోజులు పట్టింది. మా వైపు పన్నెండో రోజుకే పెద్దకర్మ ముగించి వారసుడికి తలపాగా చుడతారు.

మర్నాడే మా మేడ మీది ఆయన కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాడు. కౌంటరులో అదే మనిషి. చదివాడు, తల ఊపాడు, తీసుకుంటామన్నాడు. తీరా ముద్ర కొట్టబోతూ ఆగాడు. 1947 పక్కన ఆ గుర్తు అలాగే ఉంది.

“దీని మీద ఎవరో గీశారు బాబూ. ఇలా అయితే తీసుకోకూడదు. రబ్బరు ఉందా?”

ఆయన రోడ్డు దాటి జిరాక్సు దుకాణంలో అయిదు రూపాయలు పెట్టి రబ్బరు కొనుక్కొచ్చాడు. కేసు ఖర్చుల చిట్టాలో రాసుకున్నాడు కూడా.