మింగగలిగినంత మింగండి

1990 ఆగస్టులో రష్యా నాయకుడు బోరిస్ యెల్ట్‌సిన్, టాటార్‌స్తాన్ రాజధాని కజాన్ వెళ్లి అక్కడి టాటార్లకు ఒక వరమిచ్చారు. సార్వభౌమత్వం మీరు మింగగలిగినంత తీసుకోండి అన్నారు. తెలుగులో మింగడమంటే ఏమిటో ఆయనకు తెలిసే అవకాశం లేదు. అయినా ఎంత కచ్చితంగా పడిందో మాట! అధికార వికేంద్రీకరణ గురించి ఇంత నిజాయతీగా మాట్లాడిన నాయకుణ్ని నేనింకొకరిని ఎరగను. పాపం రష్యాలోనే మరో జాతివాళ్లు చెచెన్లు మొత్తం మింగవచ్చేమో అనుకున్నారు. 1994 డిసెంబరులో వాళ్ల మీదికి యుద్ధ ట్యాంకులు వెళ్లాయి.

ఆర్థిక సంస్కరణల్లో ఇలాంటి పొరపాట్లేం జరగలేదు. 1992 జనవరి 2న ధరలకు స్వేచ్ఛనిచ్చారు. స్వేచ్ఛ విలువ తెలిసిన ధరలు ఏడాది తిరక్కుండా పాతిక రెట్లు దాటాయి. తన దినాలకని ముసలమ్మ దాచుకున్న డబ్బు రొట్టెలకు సరిపోయింది, అదీ కొన్నాళ్లే. ఆ అక్టోబరు నుంచి ఉయ్యాల్లో పిల్లలతో సహా ప్రతి పౌరుడికీ ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో వాటాలు కొనుక్కోవడానికి 10 వేల రూబుళ్ల వోచరు పంచారు. దేశంలోని ఫ్యాక్టరీలన్నిటికీ ఇక జనమే యజమానులు. ఒక్కో వోచరు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని మంత్రి చుబైస్ మాటిచ్చారు. కొందరు మాత్రం వోద్కా సీసాలకు మార్చుకున్నారు. తొందరపాటు అంటారు గానీ, వాళ్లకు వోద్కా అయినా దక్కింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న శాస్త్రం 1995లో రుజువైంది. ఖజానా ఖాళీ అయిన ప్రభుత్వం కంపెనీల వాటాలు కుదువపెట్టి బ్యాంకుల దగ్గర అప్పు చేసింది. లోహాల గనుల కంపెనీ నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా 17 కోట్ల డాలర్ల పాటకే పోయింది. వేలం నడిపింది ఒనెక్సిమ్ బ్యాంకు, గెలిచిందీ వాళ్లే. అంతకు రెట్టింపు ఇస్తామన్నవాళ్లకు అర్హత లేదని తేల్చారు. గుడినీ గుళ్లో లింగాన్నీ మింగడం మనం సామెతల్లోనే విన్నాం. అప్పటికి ఊళ్లలో జీతాలు నెలల తరబడి రావడం లేదు. కొన్ని ఫ్యాక్టరీలు తాము తయారుచేసిన సరుకునే జీతంగా ఇచ్చేవి.

తర్వాత వచ్చిన పుతిన్‌గారు, జనానికి అజీర్తి చేసిందని గమనించి, 2004లో ప్రాంతాలను పాలించే గవర్నర్ల ఎన్నికలే ఎత్తేశారు. 2012లో తిరిగి పెట్టారు, అభ్యర్థుల్ని వడపోసే జల్లెడతో. టాటార్‌స్తాన్‌తో మాస్కోకు ఉన్న అధికారాల పంపకం ఒప్పందానికి 2017లో గడువు తీరింది, మళ్లీ రాసుకోలేదు. అక్కడి అధినేతను అధ్యక్షుడు అనడం కూడా 2023లో మానేశారు. ఇప్పుడాయన రయీస్. మన హైదరాబాద్ ఉర్దూలో ఆ మాటకు బాగా ఉన్నవాడని అర్థం.