వేపాకు వేస్తే చాలదు

డబ్బాలో వేపాకు వేసి, బియ్యం ఒక్కసారి ఎండబెడితే పురుగు పోతుందని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. ముక్కు పురుగు గింజకి బెజ్జం చేసి గుడ్డు లోపలే పెడుతుంది. ఎండకి పైన తిరిగేవి పారిపోతాయి, లోపలున్నవి చాలావరకు అలాగే ఉంటాయి. మళ్లీ నెలకి అదే కథ! తక్కువ సరుకైతే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచండి, గుడ్లతో సహా చస్తాయి. బయటకు తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకండి, చెమ్మ పడుతుంది.

పిండిలో సన్నటి ఎర్ర పెంకు పురుగులుంటే నేనైతే పారేస్తాను, జల్లించినా వాసన పోదు. పిండి ఉండలు కట్టి సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది చిమ్మట (చిన్న రెక్కల పురుగు) పని. దాని లార్వా (పిల్ల పురుగు) డబ్బా వదిలి మూత మరల్లోకి, అలమర మూలల్లోకి, ఒక్కోసారి సీలింగ్ దాకా పాకి గూడు కట్టుకుంటుంది. మా ఇంట్లో మూడుసార్లు డబ్బాలు కడిగాకగానీ ఈ సంగతి తెలియలేదు. అరల సందులు వాక్యూమ్‌తో లాగేస్తేనే తగ్గాయి. తిండి పెట్టే అరలో మాత్రం పురుగుమందు స్ప్రే కొట్టకండి.