యాసిడ్ లేని కాగితం అడిగితే నవ్వుతారా?

సిరిమాను పండగ ఫొటోలన్నీ ఒక స్క్రాప్‌బుక్‌లో అతికిద్దామనుకున్నాను. అదే నా తప్పు! ఏళ్లు గడిచినా పసుపెక్కకుండా, ఫొటోల్ని పాడుచేయకుండా ఉండే యాసిడ్ లేని కాగితం కోసం విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న షాపులన్నీ తిరిగాను. "యాసిడ్ లేని కాగితం ఉందా అండీ?" అంటే, "యాసిడ్ మా దగ్గర ఎందుకుంటాదమ్మా, హార్డ్‌వేర్ షాపులో అడుగు" అన్నాడొకాయన. ఇంకొకాయన బడిపిల్లల చార్టు చుట్టచుట్టి చేతిలో పెట్టాడు. ఎన్ని జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుంది అని అడిగితే, "మందంగానే ఉంటాది" అట! ఫొటో మూలల్ని పట్టి ఉంచే ఫొటో కార్నర్లు అడిగితే "ఆ మూలనున్నాయి" అని ఫ్రేములు చూపించారు.

ఇక జిగురు! నీళ్ల జిగురు రాస్తే కాగితం అప్పడంలా ముడతలు. సెల్లోటేపా? మా అమ్మమ్మ పెళ్లిఫొటో మీద టేపు వేసిన చోట పసుపు పూసినట్టు చార. గోకితే అమ్మమ్మ బొట్టు కూడా లేచొచ్చింది. అది చూశాకే కదా నాకీ పట్టుదల!

పోనీ ఆన్‌లైన్ అంటే, కిట్ నిండా మెరుపులు, స్టిక్కర్లు, పువ్వుల పంచ్‌లు. ఎవరడిగారు? మంచి కత్తెర, స్టీలు స్కేలు, కట్టర్, చెమ్మ తగిలినా కారని పిగ్మెంట్ ఇంకు పెన్ను చాలు నాకు. ఆల్బమ్ చూస్తే 12 అంగుళాల చదరం. ఇక్కడ దొరికే ఏ3 కాగితం వెడల్పు 11.7. మిగతా 0.3 అంగుళం ఎవరిస్తారండీ?