సింగపూర్ రైల్ కారిడార్: 24 కిలోమీటర్లూ నడవక్కర్లేదు

పాత రైలు లైన్ని నడకదారిగా మార్చిన ఈ రైల్ కారిడార్ మొత్తం 24 కిలోమీటర్లని చదివి చాలామంది జంకుతారేమో. ముసలివాళ్లు, పిల్లలు ఉంటే హిల్‌వ్యూ ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్లో దిగి, దగ్గర్లోని పాత ఇనుప వంతెన ఎక్కి, కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రో స్టేషన్ వైపు నడవండి చాలు. రైలు కట్ట కదా, ఎక్కడా ఎత్తు తెలియదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారే ఎక్కడా కూలబడకుండా నడిచేశారు.

పట్టాలు చాలావరకు పీకేశారు గానీ, వంతెనల మీద, బుకిట్ తిమా స్టేషన్ దగ్గర ఉంచారు. 1932 నాటి చిన్న స్టేషన్ అది. 2011 జూన్ 30న ఆఖరి రైలు వెళ్లేదాకా ఇక్కడ డ్రైవర్లకు, ముందున్న లైన్లోకి వెళ్లొచ్చని గుర్తుగా, రింగుకు తగిలించిన టోకెన్ చేతికిచ్చి పంపేవారట. ఆ మాట చెప్పగానే మామగారు, "మా ఊళ్లోనూ అంతేరా, పెద్ద రింగు భుజాన తగిలించుకునేవాడు" అంటూ అక్కడే నిలబడిపోయారు. ఆయన్ని కదిలించడానికి పావుగంట పట్టింది.

ఒక్క మాట. పులిహోర ప్లాస్టిక్ కవర్లో పట్టుకెళ్లకండి, కోతులకు కవర్ కనపడితే చాలు. మాది పోయింది. పొద్దున్న ఏడింటికల్లా మొదలుపెట్టండి, తొమ్మిది దాటితే ఉక్కపోత.