మహారాజశ్రీ వడ్డీ రేటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వడ్డీ రేటు గారి దివ్యసముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం కాము. అక్కడ తమరు ఎంత ఎత్తున క్షేమంగా ఉన్నారో తదుపరి ప్రకటనలో తెలియజేయగలరు.

ఉత్తరాలు తమకు కొత్త కాదు. 1980ల మొదట్లో అమెరికాలో తమరు 20 శాతం దాకా ఎక్కి కూర్చున్నప్పుడు, ఇళ్లు కట్టే బిల్డర్లు కలప ముక్కల మీదే తమ గోడు రాసి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వుకు పోస్టు చేశారు. కార్ల డీలర్లయితే అమ్ముడుపోని కార్ల తాళాలు శవపేటికల్లో పెట్టి పంపారు. నాది వట్టి కాగితం. కలపకు అప్పు పుట్టలేదు.

న్యాయం చెప్పాలంటే ఆనాడు తమరు అలా ఎక్కడం అవసరమే. అంతకుముందు చాలా ఏళ్లు తమరు ఎక్కుతున్నట్టే కనిపిస్తూ దిగుతుండేవారు. ధరలు మూడు మెట్లు ఎక్కితే తమరు రెండెక్కి ఆయాసపడేవారు. అప్పు చేసినవాడికి వడ్డీ కట్టినా లాభమే మిగిలేది, కాబట్టి ఇంకాస్త అప్పు చేసేవాడు, ధరలు ఇంకాస్త లేచేవి. ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, 1 శాతం పెరిగితే తమరు ఒకటిన్నర పెరగాలని ఆర్థికవేత్త జాన్ టేలర్ 1993లో సూత్రం కట్టాడు. ఇంతోటి లెక్క తెలియడానికి అన్నేళ్లు పట్టిందంటే ఎక్కాల పుస్తకం తమ దాకా ఆలస్యంగా చేరిందన్నమాట.

ధరలు ఎంత వేగంగా పెరుగుతుంటే వాటి నడక అంత తిక్కగా ఉంటుందని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1976లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు. 2 శాతం ద్రవ్యోల్బణం వచ్చే ఏడూ ఆ చుట్టుపక్కలే ఉంటుందనుకోవచ్చు. 14 శాతం ఉన్నది 8కి దిగుతుందో 20కి పోతుందో ఎవడికెరుక? జీతం అడిగేవాడూ, అప్పిచ్చేవాడూ, ఫ్యాక్టరీ పెట్టేవాడూ తలో లెక్క వేసుకుని తలో దిక్కుకీ పోతారు. అప్పటి ఫెడరల్ రిజర్వు అధిపతి పాల్ వోల్కర్ తమరి చేత ఆ తిక్క కుదిర్చాడు, కాదనను. బిల్లు మాత్రం వేరేవాళ్ల పేరున వచ్చింది: 1982 చివర్లో అక్కడ పని కోరేవాళ్లలో నూటికి దాదాపు 11 మంది ఖాళీగా ఉన్నారు.

ఆ తర్వాత ధరలకూ ఉత్పత్తికీ పెద్ద కుదుపుల్లేని రెండు దశాబ్దాల ప్రశాంతత. ఆ ఘనతలో పెద్ద వాటా తమదేనన్నట్టు 2004లో ఫెడరల్ రిజర్వు బోర్డు సభ్యుడు బెన్ బెర్నాంకీ ప్రసంగించాడు. అంతకు రెండేళ్ల ముందే స్టాక్, వాట్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూశారు. మంచి విధానానికి దక్కింది 20 నుంచి 30 శాతం. మిగతాదంతా అదృష్టం, అందులోనూ పెద్ద ముక్క ఏ అదృష్టమో పేరు కూడా తెలియనిది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకికి సన్మానం జరిగింది. 2008 ఆర్థిక సంక్షోభంలో చెట్టే కూలినప్పుడు మాత్రం కాకి ఆ దరిదాపుల్లో లేనంది.

అసలు నా తగాదా ఇక్కడే. జనం ఎగబడి కొనడం వల్ల ధరలు లేస్తే తమరు పనికొస్తారు, ఒప్పుకుంటాను. రేవుల్లో ఓడలు ఆగిపోయో, చమురు ప్రియమయ్యో లేస్తే? తమరు ఓడను తోయలేరు, చమురు తోడలేరు. కొనేవాడి చేతులు కట్టగలరు, అంతే. అప్పుడు కుదుపు పోదు, ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి మారుతుంది. ధరల ఊపు తగ్గిస్తే ఉత్పత్తీ ఉద్యోగాలూ ఊగుతాయి, వాటిని పట్టుకుంటే ధరలు ఊగుతాయి. ఇదీ ఆ టేలర్ 1979లోనే గీత గీసి చూపించాడు. తమ ప్రకటనల్లో ‘స్థిరత్వం’ పేజీకి పదిసార్లు ఉంటుంది, ఎవరి స్థిరత్వమో ఒక్కసారీ ఉండదు.

2021లో ధరలు లేచినప్పుడు అమెరికాలో తమరు ‘తాత్కాలికం’ అని ముసుగు తన్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. తమరు 2022 మార్చిలో గానీ లేవలేదు. లేచాక 2023 జులై లోపు 11 సార్లు మొరిగారు. ఒక్కో మొరుగు ఊరంతా వినపడటానికి ఏడాదీ ఏడాదిన్నరా పడుతుందట. అంటే మొదటిది మా చెవిన పూర్తిగా పడకముందే పదకొండోదీ అయిపోయింది.

ఈ లేఖకు జవాబు రాయదలిస్తే ఇవాళే రాయండి. చేరేసరికి నా వాయిదా ఎంతుంటుందో చెప్పలేను.

ఇట్లు,
తమరు ఎక్కినప్పుడల్లా దిగిపోయే
ఒక మారుతూ ఉండే వడ్డీ బాకీదారు