గంజాయి కేసులో మొదటి రోజు లాయరు

క్రిమినల్ కేసు అనగానే నల్లకోట్లు వేసుకున్న ఇద్దరు జడ్జి ముందు గట్టిగా వాదించుకోవడమే మనకు గుర్తొస్తుంది. విశాఖలో గంజాయి కేసుల్ని గమనిస్తే మాత్రం అసలు పని చాలా ముందే జరిగిపోతుందని తెలుస్తుంది. ఆ పని చేసే లాయర్లు ఇద్దరు కాదు, నాలుగైదు రకాలు.

పాడేరు, చింతపల్లి వైపు నుంచి దిగే సరుకుతో దొరికేది తరచూ డ్రైవరో, కూలికి బ్యాగు మోసిన కుర్రాడో. ఊరు తమిళనాడో కేరళో ఒడిశానో అయివుంటుంది. అతన్ని 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అరెస్టుకు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ రిమాండ్ రోజున లేచి ఆ సంగతి అడిగే లాయరు లేకపోతే తీర్పు పుస్తకంలోనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత సాక్షుల్ని ఎంత బాగా క్రాస్ ఎగ్జామిన్ చేసినా ఆ రోజు తిరిగి రాదు.

ప్రభుత్వం తరఫు చూద్దాం. మెజిస్ట్రేట్ కోర్టులో ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్), సెషన్స్‌లో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్). ఒకప్పుడు పోలీసులే కింది కోర్టుల్లో ప్రాసిక్యూషన్ నడిపేవారు. 1973 నేర ప్రక్రియా స్మృతి ఆ పని నుంచి పోలీసుల్ని తప్పించాలని చూసింది. మన రాష్ట్రంలో ఏపీపీల నియామకం ఇప్పటికీ పోలీసు నియామక మండలి ద్వారానే జరుగుతోంది. ఇది కేవలం పరీక్ష పెట్టే ఏర్పాటే అని కొట్టిపారేయొచ్చు గానీ, నాకైతే మింగుడు పడదు. సెషన్స్ పీపీల సంగతి వేరు. కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్ల పేర్లతో కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి ప్యానెల్ తయారు చేస్తారు. ప్రభుత్వం మారితే ఆ కుర్చీలో మనిషీ మారతాడని బార్‌లో ఎవర్నడిగినా చెప్తారు.

పీపీ పోలీసులకూ ప్రభుత్వానికీ లొంగకుండా ఉండాలనే ఈ స్వతంత్రత గొడవ సిద్ధాంతం కోసం కాదు. 20 కిలోలు దాటిన గంజాయి చట్టం లెక్కలో వాణిజ్య పరిమాణం. అలాంటి కేసులో బెయిలు అడిగితే పీపీకి అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఆయన కాదంటే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం జడ్జికి కనిపించాలి. అది అంత తేలిక కాదు. మిగిలే దారి 180 రోజులు. ఆలోగా చార్జిషీట్ పడకపోతే బెయిలు హక్కు అవుతుంది. గడువు ఏడాది దాకా పెంచాలంటే దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో, ఇంకా ఎందుకు లోపల ఉంచాలో పీపీయే నివేదిక ఇవ్వాలి. పోలీసులు రాసిచ్చింది అలాగే చేరవేయడానికి పీపీ పోస్టాఫీసు కాదని టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) కేసుల రోజుల్లోనే, 1994లో, సుప్రీంకోర్టు అంది. రోజులు లెక్కపెట్టి, చార్జిషీట్ కంటే ముందే పిటిషన్ వేసే డిఫెన్స్ లాయరు అవతల ఉండాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు చేజారిపోవచ్చు.

బాధితుల లాయరు గురించి రెండు మాటలు చాలు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులకు, పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసులకు ప్రత్యేక పీపీలుంటారు. బాధితులు సొంత లాయరును పెట్టుకోవచ్చు, కానీ ఆయన పీపీకి సాయం చేయాలే తప్ప తానే సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి వీల్లేదని 2019లో రేఖా మురార్కా కేసులో తేల్చారు.

ఇక ఉచిత లాయరు. "ఫ్రీగా వచ్చినాయన ఏం వాదిస్తాడు" అని నిందితుడి ఇంటివాళ్లు పుస్తెలు తాకట్టు పెట్టి ప్రైవేటు లాయరు దగ్గరకు వెళ్తారు. పాత ప్యానెల్ పద్ధతిలో ఆ అనుమానానికి కారణం ఉండేది. ప్యానెల్‌లోని లాయర్లు సొంత కేసుల మధ్య తీరిక దొరికినప్పుడే ఈ కేసు చూసేవారు. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ లాయర్లు పూర్తికాలం ఇదే పని చేస్తారు. ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి కూడా లేదు, 15100కు ఫోన్ చేస్తే చాలు. అయితే వీళ్లు కాంట్రాక్టు మీద పనిచేస్తారు. రిమాండ్‌లో ఉన్నవాడు ఆదివాసీ ఒడియా మాట్లాడితే అతని గోడు వీళ్లకు ఎవరు చెప్పాలి?

బెయిలు వచ్చినా అరిలోవ జైలు గేటు వెంటనే తెరుచుకోదు. విశాఖలో ఎవరూ తెలియని కూలికి స్థానిక షూరిటీలు (జామీను ఉండేవాళ్లు) ఎక్కడి నుంచి వస్తారు? స్థానిక షూరిటీలే కావాలనే పట్టుదల విడుదల ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి చోట స్థానిక షూరిటీ షరతు పెట్టకుండా ఉండొచ్చని 2023లో సుప్రీంకోర్టు సూచించింది. ఆ షరతు సడలించమని పిటిషన్ వేసే బాధ్యత ఏ డిఫెన్స్ కౌన్సెల్‌దో బెయిలు వచ్చిన రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రాసి ఉంచొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.